పాత జిప్సీ కింగ్ మరమ్మతు సొంతంగా నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి?

లంబసింగి తోట:

అందరికీ నమస్కారం. నా వద్ద 1998 నాటి మారుతి జిప్సీ కింగ్ ఉంది. 1298 సీసీ కార్బ్యురేటర్ ఇంజను, ఐదు గేర్లు, ముందు చక్రాలకు చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బులు. కంపెనీ ఇచ్చిన అమరికలో పెద్ద మార్పులేవీ జరగలేదు. చింతపల్లి వైపు ఉన్న మా కాఫీ తోటకు చివరి నాలుగు కిలోమీటర్లు రాళ్ల బాట కావడం వల్ల, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పళ్లు కోసే రోజుల్లో ఈ బండి ఆగిపోతే బస్తాలు కిందికి దింపడానికి మాకు మరో దారి లేదు.

నర్సీపట్నంలో ఈ బండిని మొదటినుంచీ చూస్తున్న మేస్త్రి వయసు మీదపడి షెడ్డు మూసేశారు. మిగతా షెడ్లలోని కుర్రవాళ్లు పనిమంతులే గాని, స్కానర్ తగిలించే చోటు లేని బండిని ముట్టుకోవడానికి వారికి ఆసక్తి లేదు. ప్రతి చిన్న పనికీ గాజువాక ఆటోనగర్ దాకా వెళ్లడం నా వల్ల కాదు కనుక, నేనే నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. పంపుసెట్టు ఇంజను, స్ప్రేయర్ ఇంజను విప్పి బిగించిన అలవాటు ఉంది కాబట్టి పానా పట్టడం నాకు కొత్త కాదు. బ్రేకులు, స్టీరింగు జోలికి మాత్రం ఇంతవరకు వెళ్లలేదు.

ప్రస్తుతం బండికి మూడు బాధలు ఉన్నాయి. యాభై అయిదు, అరవై వేగంలో గుంత తగిలితే స్టీరింగు రెండు వైపులా విపరీతంగా వణుకుతుంది, వేగం బాగా తగ్గిస్తే గాని ఆగదు. వెనక ఎడమ చక్రం లోపలి అంచు ఎప్పుడూ తడిగా ఉంటోంది, ఆ చక్రానికి బ్రేకు సరిగా పట్టడం లేదు. ఘాట్ ఎక్కి బండి ఆపి, పావుగంట తర్వాత స్టార్ట్ చేయబోతే సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు, బాగా చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతుంది. స్టీరింగుకు డ్యాంపర్ (వణుకును అణచే షాక్ అబ్సార్బరు లాంటిది) మార్చమని ఒకరు, కార్బ్యురేటర్ కొత్తది వేయమని మరొకరు సలహా ఇచ్చారు.

నేను దేనితో మొదలుపెట్టాలి? ఏ పనిముట్లు ముందు కొనాలి? ఏ పనులు నా చేతికి మించినవి? అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

---

ఆటోనగర్ పాతమేస్త్రి:

మీరు చెప్పిన మూడింటిలో ముందు చూడవలసింది వెనక చక్రం. స్టార్టింగు బాధను కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు, వణుకు వచ్చే వేగానికి లోబడి నడుపుకోవచ్చు గాని, ఒక చక్రానికి బ్రేకు పట్టని బండితో ఘాట్ దిగకూడదు. ఆ పని అయ్యేదాకా బండిని తోట దగ్గరే ఉంచండి.

ఆ తడి ఏమిటో తేల్చుకోవడంతో మీ చదువు మొదలవుతుంది. వేలికి అంటించుకుని రుద్ది చూడండి. చిక్కగా, జిడ్డుగా, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటే అది వెనక ఇరుసు హౌసింగు, అంటే ఇరుసునూ డిఫరెన్షియలునూ (రెండు వైపుల చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) మూసి ఉంచే గొట్టం నుంచి వస్తున్న గేర్ ఆయిలు. పల్చగా ఉండి, నీళ్లు పోయగానే కడుక్కుపోతే అది బ్రేకు ఆయిలు, అంటే డ్రమ్ములోని వీల్ సిలిండరు కప్పులు పోయాయని అర్థం. బానెట్ కింద బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గుతోందా లేదా అన్నది కూడా దీనికి సాక్ష్యం. ఈ రెండింటికీ చేయవలసిన పనులు పూర్తిగా వేరు కనుక, ఇది తేలకుండా ఏ సామానూ కొనకండి.

గేర్ ఆయిలే అని తేలితే చాలామంది వెంటనే ఆయిల్ సీలు మార్చేస్తారు, అది కూడా కొద్ది రోజుల్లోనే కారడం మొదలుపెడితే సీలు నకిలీదని దుకాణం మీద పడతారు. డిఫరెన్షియల్ హౌసింగు మీద గాలి పోవడానికి చిన్న బ్రీదరు ఒకటి ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిలు వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదరు బురదతో పూడుకుపోయి ఉంటే ఆ గాలి సీలు అంచు నుంచి ఆయిలును తోసుకుంటూ బయటికి వస్తుంది. కాబట్టి ముందు బ్రీదరు విప్పి, నోటితో ఊది చూడండి. తర్వాత ఆయిలు మట్టం చూడండి. ఆయిలు పోసే రంధ్రం అంచు దాకా ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ పోసినా ఇదే జరుగుతుంది.

సీలు మార్చడం మీరు చేయగల పనే. చక్రం, డ్రమ్ము తీసి, హ్యాండ్ బ్రేకు వైరునూ బ్రేకు గొట్టాన్నీ విడదీసి, బ్యాకింగ్ ప్లేటును హౌసింగుకు పట్టి ఉంచే నాలుగు నట్లు విప్పితే, యాక్సిల్ షాఫ్టు బేరింగుతో సహా బయటికి వస్తుంది. మొండికేస్తే స్లైడ్ హామరు తగిలించి లాగాలి. డ్రమ్మును తిరిగి తొడిగి వెనక నుంచి సుత్తితో బాదితే అది పగులుతుంది గాని షాఫ్టు కదలదు. సీలు హౌసింగు గొట్టం లోపల ఉంటుంది. పాతదాన్ని పీకే ముందు అది ఎంత లోతున కూర్చుందో కొలిచి రాసుకోండి, కొత్తదాన్ని దాని అంచుకు కాస్త గ్రీజు రాసి అదే లోతుకు సమంగా దించండి. షాఫ్టు మీద సీలు ఆనే చోట వేలిగోరుతో గీసి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. షాఫ్టును చేత్తో తిప్పినప్పుడు బేరింగు గరగరమంటే మాత్రం అక్కడ ఆగిపోండి. దాన్ని పట్టి ఉంచే రింగును కోసి తీసి, కొత్త బేరింగునూ రింగునూ ప్రెస్సులో ఎక్కించాలి. అది లేతు షెడ్డువాళ్ల పని.

ఆయిలు తాగిన బ్రేకు లైనింగులను పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. పైకి పొడిగా కనబడినా, బ్రేకు వేడెక్కగానే లోపల ఇంకిన ఆయిలు మళ్లీ పైకి తేలుతుంది. రెండు వెనక చక్రాలకూ కలిపి కొత్త షూలు వేయండి. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక తడి గుడ్డతో తుడిచి పారేయండి. గొట్టం విప్పినందువల్ల గాలి తీయవలసి ఉంటుంది. మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రానికి రావాలి, ఇద్దరు మనుషులు ఉండాలి, డబ్బాలో మట్టం అడుగంటకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. బయటికి వచ్చిన ఆయిలును మళ్లీ పోయకండి. డాట్ 3 బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పెరిగినకొద్దీ అది మరిగే వేడి తగ్గుతుంది, మీ ఘాట్ లాంటి దీర్ఘమైన దిగుడులో లోపల ఆవిరి పుట్టి పెడలు మెత్తబడిపోతుంది. రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చడం మంచిది.

ఇక స్టీరింగు. ఆకు స్ప్రింగులు, ముందూ వెనకా ఇరుసు గొట్టాలు ఉన్న బండ్లలో ఈ వణుకు సాధారణం. డ్యాంపరు దాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది, ఈలోగా అసలు అరుగుదల పెరుగుతూ పోతుంది. ముందుగా టైర్లలో గాలి, చక్రాల బ్యాలెన్సింగు చూసుకోండి. తర్వాత బండి నేల మీద ఉండగానే ఒకరిని స్టీరింగు అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించమని, మీరు కింద పడుకుని స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే కడ్డీల కీళ్ల మీద, అంటే ఒక్కొక్క టై రాడ్ ఎండు మీద, డ్రాగ్ లింకు కీళ్ల మీద చెయ్యి వేసి చూడండి. వదులు కంటికి కనబడకపోయినా అరచేతికి తెలుస్తుంది.

ఆపైన ముందు చక్రాన్ని జాకీ ఎత్తి, ఇరుసు కింద స్టాండు పెట్టి, చక్రం పైభాగాన్నీ కిందిభాగాన్నీ పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. వదులు ఉంటే, మరొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే వదులు పోతే అది చక్రం బేరింగుది, తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్నుది, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ పిన్ను ఆధారంగా పక్కకు తిరుగుతుందో దానిది. ఈ ఒక్క పరీక్ష తెలియక మంచి హబ్బు బేరింగులు మార్పించుకునేవారు ఎందరో ఉన్నారు.

జిప్సీలో ఒక్కొక్క వైపు పైనొకటి, కిందొకటి కింగ్ పిన్నులు, వాటికి కోను బేరింగులు ఉంటాయి. పిన్నుకూ నకిలుకూ (చక్రాన్ని మోస్తూ స్టీరింగుతో పాటు తిరిగే భాగం) మధ్య పల్చని రేకుల్లాంటి షిమ్ములు ఉంటాయి. షిమ్ము తీస్తే బేరింగు మీద బిగువు పెరుగుతుంది, కలిపితే తగ్గుతుంది. టై రాడ్డు విడదీసి, నకిలు సీలును వదులు చేసి, టై రాడ్ ఎండు కూర్చునే రంధ్రానికి స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి లాగినప్పుడు, నకిలు కదలడం మొదలయ్యే క్షణంలో కాటా ఒకటికీ రెండుకూ మధ్య కిలోలు చూపాలి. అరకిలోకే కదిలితే బిగువు చాలదు. కాఫీ బస్తాలు తూచే కాటా ఇక్కడ పనికిరాదు, అయిదు కిలోలది కొనండి. బేరింగు గిన్నెలో రోలర్ల అచ్చులు వరుసగా గుంటలు పడి ఉంటే షిమ్ములతో సరిపెట్టకండి, బేరింగులే మార్చాలి.

---

మట్టిదారి:

పాతమేస్త్రి గారు వివరంగా రాశారు గాని, ఇంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. మంచి కంపెనీ డ్యాంపరు ఒకటి వేసి, కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైర్ల స్థానంలో 235/75 ఆర్15 వేయించుకుంటే రాళ్ల బాటలో నేల నుంచి ఎత్తు పెరుగుతుంది, గుంతలు కూడా అంతగా తెలియవు. మా స్నేహితులు చాలామంది అలాగే నడుపుతున్నారు.

---

ఆటోనగర్ పాతమేస్త్రి:

మట్టిదారి గారూ, మీ టైరు పాతదానికంటే సుమారు 65 మిల్లీమీటర్లు ఎక్కువ వ్యాసం గలది. బండి ఎత్తు పెరిగేది అందులో సగమే. బరువైన చక్రం అరిగిన కింగ్ పిన్నును మరింతగా ఊపుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్పీడోమీటరు అరవై చూపుతున్నప్పుడు బండి అరవై ఆరులో ఉంటుంది. వణుకుతున్న బండికి ఇది మందు కాదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరణ వేళ అధికారి చక్రాల వైపు చూసే అవకాశం ఎక్కువ.

---

ఫ్లోట్ చాంబర్:

స్టార్టింగు సంగతి నేను చెబుతాను. కార్బ్యురేటర్ కొత్తది కొనమన్న సలహాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అయి, ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడు తగ్గని ఇంజనుకు కార్బ్యురేటర్ మార్చవలసినంత జబ్బు ఉండదు.

ఇంజను తిరిగి కూడా అందుకోవడం లేదంటే పెట్రోలు అందక పోవాలి, పెట్రోలు ఎక్కువై పోవాలి, లేదా నిప్పురవ్వ రాక పోవాలి. ఆ సమస్య ఎదురైన చోటే, ఆ పావుగంటలోనే పరీక్షించాలి. ఇంటికి తెచ్చి చల్లారాక చూస్తే ఏమీ దొరకదు. ఎయిర్ ఫిల్టరు మూత తీసి, ఇంజను ఆగి ఉండగా కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటరు మీటను చేత్తో ఒకసారి పూర్తిగా తిప్పండి. సన్నని పెట్రోలు ధార చిమ్మితే ఫ్లోట్ చాంబరులో (కార్బ్యురేటరులో పెట్రోలు నిలిచే గిన్నెలో) పెట్రోలు ఉన్నట్టే. ధార రాకపోతే చాంబరు ఎండిపోయింది. ఇంజను ఆగాక చల్లని గాలి తగలడం మానేస్తుంది కనుక, ఇంజను వేడి పైకెక్కి చాంబరులోని పెట్రోలు ఆవిరైపోతుంది, లేదా మెకానికల్ పంపులోనూ గొట్టంలోనూ ఆవిరి నిండి పంపు లాగలేకపోతుంది. గొంతు గోడలు అప్పటికే తడిసి, గుప్పున పెట్రోలు వాసన వస్తుంటే చాంబరు పొంగిందన్నమాట. అప్పుడు యాక్సిలరేటరును నేలకు నొక్కి పట్టుకుని, పంపు చేయకుండా సెల్ఫ్ తిప్పితే అదనపు పెట్రోలు బయటికి పోయి ఇంజను అందుకుంటుంది. ఇది ఫలిస్తే చాంబరులోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిలు వాల్వు, ఫ్లోటు మట్టం చూడాలి. ఈ పరీక్షల వేళ దగ్గర బీడీ, సిగరెట్టు ఏవీ ఉండకూడదు, వేడి సైలెన్సరు గొట్టం మీద పెట్రోలు చుక్క పడకూడదు.

పెట్రోలు రెండు విధాలా సరిగానే ఉంటే నిప్పురవ్వ చూడండి. విడి ప్లగ్గు ఒకటి వైరుకు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి, ప్లగ్గును కార్బ్యురేటరుకు దూరంగా ఉంచి సెల్ఫ్ తిప్పించాలి. వేడిలో రవ్వ రాకుండా చల్లారాక వస్తే ఇగ్నిషన్ కాయిలునూ, డిస్ట్రిబ్యూటరులోని ఎలక్ట్రానిక్ భాగాన్నీ అనుమానించాలి. వేడికి తీగచుట్టలు లోలోపల తెగి, చల్లారాక కలుసుకోవడం వీటికి అలవాటు.

పెట్రోలు గొట్టాల గురించి ఒక మాట. 2025 నుంచి మన బంకుల్లో అమ్ముతున్నది దాదాపుగా ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే, 1998 నాటి రబ్బరును దాని కోసం తయారు చేయలేదు. ట్యాంకు దగ్గర ఒకటి, పంపుకు ముందు ఒకటి, పంపుకూ కార్బ్యురేటరుకూ మధ్య ఒకటి, తిరుగు గొట్టం ఒకటి, అన్నిటినీ వేళ్లతో వంచి చూడండి. పైన సన్నని పగుళ్లు కనబడినా, ముట్టుకుంటే ఉబ్బి మెత్తగా తగిలినా ఆలోచించకుండా మార్చేయండి, ఇథనాల్‌కు తట్టుకునే గొట్టమే అడిగి తీసుకోండి. పగిలిన గొట్టం నుంచి పంపు పెట్రోలుకు బదులు గాలి పీలుస్తుంది, వేడి స్టార్టింగు బాధకు అది కూడా కారణమవుతుంది. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది కనుక, వానాకాలంలో బండి కదలకుండా ఉండే నెలల్లో సగం ఖాళీ ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. ఫిల్టరులో గోధుమరంగు నలుసులు కనబడితే ట్యాంకు దించక తప్పదు.

కార్బ్యురేటర్ విప్పవలసి వస్తే, జెట్లను ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి జెట్టు రంధ్రం ఇసుమంత పెద్దదైనా మైలేజీ పడిపోతుంది. క్లీనర్ స్ప్రే, గాలి, ఓపిక ఉంటే చాలు.

---

పెర్త్ సియెరా:

నేను ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాడిని. ఇక్కడ సియెరా అనీ, అమెరికాలో సమురాయ్ అనీ అమ్మిన సుజుకీ బండీ మన జిప్సీ ఒకే కుటుంబానికి చెందినవి. 1985 డిసెంబరులో మన దేశంలో వచ్చిన మొదటి జిప్సీ, ఎస్‌జె410 బండి పొడవైన రూపమే. 1996లో వచ్చిన కింగ్‌లో 1.3 లీటర్ల ఇంజను పెట్టారు, 2000లో కార్బ్యురేటరుకు బదులు కంప్యూటరు ఆదేశంతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. దీనివల్ల మీకు కలిగే లాభం ఏమిటంటే, ఆ విదేశీ బండ్ల వర్క్‌షాప్ మాన్యువళ్లు తేలికగా దొరుకుతాయి, వాటిలో గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ముందు ఇరుసు విప్పే క్రమం బొమ్మలతో సహా ఉంటుంది. ఇంజను కొలతలకు, బ్రేకు భాగాలకు మాత్రం మీ సొంత బండి మాన్యువలునే నమ్మండి. ఇరుసు వెడల్పు, డిస్కు కొలతలు అన్ని చోట్లా ఒకటి కావు.

పనిముట్ల కోసం ఒక్కసారిగా పెద్ద పెట్టె కొనవద్దు. ఈ బండిలో ఎక్కువ భాగం 10, 12, 14, 17, 19 కొలతల పానాలతో అయిపోతుంది కనుక, ఆ అయిదూ రింగు పానాలుగానూ సాకెట్లుగానూ మంచివి కొనండి. మొదట డబ్బు పెట్టవలసింది మాత్రం రెండు బలమైన జాకీ స్టాండ్లకు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి బండి కింద దూరడం మన దగ్గర సర్వసాధారణమైపోయింది, అవి ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా విచ్చిపోతాయి. ఆ తర్వాత టార్క్ పానా, గ్రీజు గన్ను, సర్క్లిప్ ప్లయరు, ఫీలర్ గేజి, మల్టీమీటరు, బ్రేకు గొట్టాల నట్లకు సరిపోయే ప్రత్యేకమైన 10 పానా. మామూలు పానాతో ఆ నట్టు మూలలు గుండ్రబడిపోతే గొట్టమే కొత్తది వేయవలసి వస్తుంది.

నేర్చుకునే క్రమం విషయంలో, మీ మూడు బాధలూ తీరాక బండిలోని ఆయిళ్లన్నీ మీరే మార్చడం మంచి సాధన. జిప్సీలో గేరుబాక్సు వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు వేరు, ఆ రెండింటినీ కలుపుతూ పొట్టి ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది, ముందొక డిఫరెన్షియలు, వెనకొకటి. ఏది విప్పినా ముందుగా ఆయిలు పోసే పైబిరడాను వదులు చేసి, అది వచ్చిందని రూఢి చేసుకున్నాకే కింది బిరడా విప్పండి. ఆయిలంతా పారబోసుకున్నాక పైబిరడా తుప్పుపట్టి కదలకపోతే బండి ఉన్న చోటే ఉండిపోతుంది. డిఫరెన్షియళ్లకు జీఎల్-5 రకం 80డబ్ల్యు-90 ఆయిలు కావాలి. గేరుబాక్సుకు జీఎల్-4 పోయండి, ఎందుకంటే జీఎల్-5లో ఉండే కొన్ని రసాయనాలు సింక్రోనైజరు ఇత్తడి రింగులకు హాని చేయవచ్చు. పాత ఆయిలును తెల్లని పళ్లెంలోకి పట్టి చూడండి. సన్నని వెండిపొడి లాంటిది కనబడితే వయసు వల్ల వచ్చిన అరుగుదల, చేతికి తగిలే ముక్కలు ఉంటే పన్ను విరిగిందని అనుమానించాలి, పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వాగులు దాటే బండ్లలో ఈ మూడోది చాలా ఎక్కువగా కనబడుతుంది.

బేరింగులు, ఆయిల్ సీళ్ల కోసం జిప్సీ సామాను దొరికే దుకాణమే వెతకనక్కరలేదు. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరుసగా అచ్చువేసి ఉంటాయి. ఆ అంకెలు రాసుకుని విశాఖలోనో విజయవాడలోనో మంచి బేరింగు దుకాణానికి వెళితే పేరున్న కంపెనీ సరుకు దొరుకుతుంది.

---

లంబసింగి తోట:

సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పాతమేస్త్రి గారు చెప్పినట్టు వెనక హౌసింగు మీది బ్రీదరు విప్పి చూస్తే, ఎండిన ఎర్రమట్టితో రాయిలా పూడుకుపోయి ఉంది, ఊదితే గాలి కొంచెం కూడా పోలేదు. తడి గేర్ ఆయిలే. సీలు, రెండు వైపులా షూలు మార్చాము. బేరింగు నున్నగా తిరుగుతోంది, షాఫ్టు మీద గాడి లేదు. బ్రేకు గాలి తీయడానికి మా తమ్ముడు పెడలు మీద కూర్చున్నాడు. కార్బ్యురేటర్ పరీక్షలో వేడి మీద ధార రాలేదు. ట్యాంకు దగ్గరి గొట్టం వంచగానే పగుళ్లు నోరు తెరిచాయి కనుక గొట్టాలన్నీ మార్చాను. ఆ తర్వాత ఘాట్ ఎక్కి ఆపినప్పుడు ఒకసారి కాస్త మొరాయించింది గాని స్టార్ట్ అయింది.

ముందు చక్రాల దగ్గర, బ్రేకు తొక్కినా కుడివైపు వదులు పోలేదు కాబట్టి కింగ్ పిన్ను పని ఉన్నట్టే. ఆ వైపే ఇంకొకటి గమనించాను. నకిలు గుండు (ఇరుసు గొట్టం చివరి గుండ్రని భాగం) మీద గ్రీజుకు బదులు నల్లని పల్చటి ద్రవం కారి, చక్రం లోపలి వైపు చిమ్ముతోంది. గ్రీజు వేడికి కరిగిందా? కొత్త గ్రీజు కూరితే సరిపోతుందా? ఫోర్ వీల్ పనిచేస్తోందో లేదో ఇంటి ముందు తారు రోడ్డు మీద పరీక్షించవచ్చా?

---

ఆటోనగర్ పాతమేస్త్రి:

అది కరిగిన గ్రీజు కాదు. ఇరుసు గొట్టం చివర, నకిలు గుండు లోపల ఒక ఆయిల్ సీలు ఉంటుంది. అది పోతే డిఫరెన్షియలులోని ఆయిలు గొట్టం వెంట వచ్చి నకిలులోని గ్రీజును పల్చబరుస్తుంది. కొత్త గ్రీజు కూరితే అది కూడా అలాగే కారిపోతుంది, ఈలోగా డిఫరెన్షియలులో ఆయిలు మట్టం పడిపోతుంది. ముందు ఇరుసు బ్రీదరును కూడా విప్పి చూడండి, వెనకది పూడిపోయిన బండిలో ముందుది తెరుచుకుని ఉంటుందని అనుకోను.

కింగ్ పిన్ను బేరింగుల కోసం నకిలు ఎలాగూ విప్పుతారు, ఈ సీలు మార్చడానికీ అదే విప్పాలి. కాబట్టి రెండూ ఒకే రోజు చేయండి. అప్పుడే గుండును కిరోసినుతో కడిగి వేలితో తడిమి చూడండి. తుప్పు గుంటలు ఉంటే సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయకుండా బయటి రబ్బరు సీలు వేయవద్దు, వేస్తే ఆ గరుకు దాన్ని నెలరోజుల్లో తినేస్తుంది. కింగ్ పిన్నులు విప్పేటప్పుడు పైదీ కిందిదీ, వాటి షిమ్ములతో సహా, వేర్వేరు డబ్బాల్లో పెట్టి గుర్తు రాసుకోండి. షాఫ్టును తిరిగి దూర్చేటప్పుడు దాని పళ్ల అంచు కొత్త సీలును గీరకుండా ఒకరు షాఫ్టు బరువును మోస్తూ నిదానంగా లోపలికి పంపాలి. మొదటిసారి కాబట్టి ఒక వైపు పూర్తిగా బిగించి, కాటాతో లాగి చూసుకున్నాకే రెండో వైపు విప్పండి. ఎక్కడైనా అనుమానం వస్తే విప్పని వైపును చూసి పోల్చుకోవచ్చు.

తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకండి. ఈ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియలు లేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద టైరు జారదు కనుక ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీదా షాఫ్టు క్రాసుల (కీళ్ల) మీదా పడుతుంది, లీవరు కూడా ఇరుక్కుపోయి వెనక్కి రాదు. తోటలోని తడి మట్టి మీద రెండు హబ్బులూ లాక్ చేసి, చక్రాలు నిటారుగా ఉండగా వేసి చూడండి. కదలకపోతే ముందు హబ్బులను విప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పని హబ్బులో గ్రీజు గట్టిపడి, డయలు లాక్ వైపు తిరిగినా లోపలి పళ్లు కలవవు. పాత గ్రీజు కడిగేసి పల్చగా కొత్తది రాయండి. హబ్బులో గ్రీజు నింపితే అది మళ్లీ బిగుసుకుపోతుంది.